భీమయ్య బండికి గడ్డి టైర్లు

ఈ టైర్ల ముచ్చట నాకు మొట్టమొదలు చెప్పింది మీరావలి. మన క్యాంపున్న ఈ సజ్జాల పెద్ద రోడ్డు మీద టైర్ల దుకాణం నడిపిస్తడు సూడు, కడపాయన, గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటడు, గాయిన. గాయిన చెప్పిన దాంట్ల నేను ఒక్క మాట కలుపలే, ఒక్క మాట తియ్యలే. నాకు సదువు రాదు గని ఇన్నది ఇన్నట్టు చెప్పుడు వస్తది. కూసో సారు. ఆ మంచం మీద కాదు, అది ఊగుతది, గీ డబ్బా మీద కూసో. నువ్వు వయసుల నా బిడ్డలసొంటోనివి, కుర్సీల సారువు. అందుకె ఒకపారి బిడ్డా అంట, ఒకపారి సారు అంట, ఏమనుకోకు. ఏమడిగినవు? కంపెనీకి కొత్త చిన్న ట్రాక్టర్ వచ్చింది, దానికి ఏ టైర్లు తెప్పియ్యాలె, హన్మాండ్లును అడుగుమన్నరు అని. మంచిగ అడిగినవు. నీకంటె ముందు ఆ కుర్సీల ఉన్నాయన నన్ను ఒక్కనాడు అడుగలే. చెప్త. గని టైర్ల ముచ్చట చెప్పాలంటె భీమయ్య ముచ్చట చెప్పాలె. నీ ఆఫీసు బీరువల పాత ఫైళ్ళుంటయి గద, అండ్ల ఒక కాయితం ఉన్నది. భీమయ్య, ట్రాక్టర్ డ్రైవర్, నిర్లక్ష్యంతోని బండి ఇరగ్గొట్టిండు, వీసా క్యాన్సిల్, ఇంటికి. ఖలాస్. దాని కింద సాక్షి అని నా సంతకం ఉన్నది. నేను ‘హ’ రాసి గీత గుంజుత, అదే నా సంతకం. ఆ కాయితంతోని నాకు పని పడ్డది సారు. నువ్వు టైర్లకోసం వచ్చినవు, నేను కాయితం కోసం నీ దిక్కు సూస్తున్న. తిప్పి తిప్పి చెప్తె రెండు ఒక్కటే.

భీమయ్యది మా ఊరికి మూడు కిలోమీటర్లు. మెట్‌పల్లి బస్సు దిగి ఎడమకు పోతె మాది, కుడికి పోతె వాళ్ళది. గంత దగ్గరోడు గని ఊర్ల ఎన్నడు మొకం సూసింది లేదు, ఈడికొచ్చినంకనే సూసిన. రెండువేల ఒకటిల వచ్చిండు. మొదలు సోనాపూర్ క్యాంపుల పెట్టిండ్రు, కంకర మోసిండు. ఆర్నెల్లకు మజ్రాకు డ్రైవర్ గావాలె అంటె ఈ సజ్జాకు తెచ్చిండ్రు. మజ్రా అంటె మనకు వీసాలిచ్చే అరబ్బు యజమాని, మన కఫీల్‌ది, దైద్ దిక్కున్న ఖర్జూరపు తోట. పోయినవా? పోలే. పో ఒకపారి, టైర్లు కొనేటోడు నేలను సూడాలె. ఆ... ఏం చెప్తున్న? భీమయ్య. సన్నగ, పొడుగ్గ, తుమ్మకర్ర లెక్క. నా మంచం మీది మంచం ఆయినది. మీదికి ఎక్కాలంటె నా తలకాయ పక్కపొంటి కాలు వెయ్యాలె గద, రోజు కాళ్ళు కడుక్కోని, తుడుచుకోని ఎక్కేటోడు. గసొంటి మనిషి. బండితోని మాట్లాడేటోడు. ‘పా బిడ్డా, పా, గీ ఒక్క సాలు అయితె నీళ్ళు పోస్త’ అని ట్రాక్టర్‌తోని అనేటోడట, ఎద్దుతోని అన్నట్టు. మలబారోళ్ళు నవ్వేటోళ్ళు. నేనూ నవ్విన, ఎందుకు అబద్ధం.

ఆ బండి జపాన్‌ది, సెకండ్ హ్యాండ్. ముప్పై గుర్రాల బలం, నా నడుము ఎత్తు ఉంటది. ఎర్రది... కాదు, నారింజ రంగుది. ఎర్రది తర్వాత వచ్చింది. నారింజదే. బండి ఒక్కటి, పనులు మూడు. ఖర్జూర చెట్ల నడుమ ఉసికెల తిరుగాలె. చెట్ల మొదళ్ళ కాడ నీళ్ళు పెట్టినంక బురదల తిరుగాలె. మల్ల తారు రోడ్డు దాటి కఫీల్ బంగ్లకు పోయి, ఆడ పచ్చగడ్డి పరిచిన జాగల గడ్డి చెడకుంట తిరుగాలె. గిప్పుడు చెప్పు సారు, మూడింటికి ఒక్క టైర్ యాడుంటది? లేదు. ఏదో ఒక దాని కాడ తప్పుతది. గది తెల్వక అందరు అందర్ని తిడుతరు. ఆ యాడాది ఎనక టైర్లు బోడిగ అరిగినయి. రామ్మోహనరావు, నీ కుర్సీల ఉన్నాయన, భీమవరం దిక్కు మనిషి, మజ్రాకు వచ్చి అడిగిండట, ‘ఏవయ్యా భీమయ్యా, ఏం టైర్లు కావాలో చెప్పు, మళ్ళీ తర్వాత నన్ననకు’ అని. అడిగిండు అంటె అడిగిండు, నేను అది దాచ. నాకు ఆయినంటె పడదు గని అడిగిన మాట అడిగిండు. నన్ను మాత్రం పదకొండేండ్లు ‘ఏయ్ వెల్డర్’ అన్నడు. నా కార్డు మీద ఫోర్మన్ అని రాసి ఉన్నది. ఫోర్మన్ అంటె ఆయిన నోరు పోతదా? పోనీ తియ్.

భీమయ్య ఏం చెప్పాలె మరి? ఊర్ల పటేల్ ట్రాక్టర్ పన్నెండేండ్లు నడిపినోడు. వరి నాట్లకు ముందు కరిగెట చేసినోడు. మోకాలు లోతు బురదల బండి దిగబడితె దానికి ఏం గావాలె? టైర్ మీద ఎత్తు పట్టీలు గావాలె, బురదను కోసుకుంట పోతందుకు. పట్టీ ఎంత ఎత్తుంటె అంత పట్టు. గదే తెలుసు ఆయినకు, మా దిక్కు ఎవ్వనికైన గదే తెలుసు, నన్నడిగిన గదే చెప్తుంటి. ‘పట్టీలు ఎత్తుగున్నయి తెప్పియ్యుండ్రి సార్’ అన్నడు. తెప్పిచ్చిండ్రు. ఎక్కిచ్చింది మీరావలి. మీరావలి అన్నడట, ‘ఏమన్నా, ఇసకలో తిరిగే బండికి ఈ టైర్లు యాలన్నా? ఇవి తవ్వుకుంటా పోతాయి గదా.’ భీమయ్య ఏమన్నడు? ‘నువ్వు పంచర్లు ఏసుకో తమ్మీ, ట్రాక్టర్ సంగతి నాకిడిసిపెట్టు.’ గీ మాట మీరావలి నాకు చెప్పుకుంట, చెప్పుకుంట, గింత సంబురపడ్డడు. అందరికి ఎదుటోడు తప్పు చేస్తె సంబురమే.

ఇగ పోయిండు మజ్రాకు. మొదటి దినమే దిగబడ్డది. నువ్వు సూడలే గద, ఉసికెల పట్టీల టైర్ తిరుగుతె ఎట్లుంటదంటె, కుక్క గుంత తవ్వినట్టే. ఎంత తిరిగితె అంత కిందికి. ఆయినకేమో ఇంక గ్యాస్ ఇస్తె ఎక్కుతదని ఊరి అలవాటు. ఇచ్చిండు. ఇరుసు దాంక పోయింది. చెట్లకు నీళ్ళు పట్టే బంగ్లాదేశోళ్ళు, తోటకు కాపలా ఉండే పఠాను, అందరు సూస్తున్నరు. చేతులతోని తోడిండట ఉసికె. పఠాను వచ్చి గాలి తియ్యి, గాలి తియ్యి అంటడు, ఈయిన గాలి తీస్తె టైర్ పాడైతది అంటడు. నాలుగు దినాలు గదే కథ. భీమయ్యకు అన్నం పోలే. మంచం మీదికి ఎక్కి పండుకునేది లేదు, కూసునేది. ‘ఏమైందిరా?’ అంటె, ‘హన్మాండ్లన్నా, నాకు పనొస్తదనుకున్న, నాకు పని రాదే’ అన్నడు. పన్నెండేండ్లు నడిపినోడు గా మాట అంటె ఎట్లుంటది సెప్పు. నేనేమన్ననో యాదికి లేదు. ఏదో అన్న. పండుకో అన్న గావచ్చు.

అయిదో దినం, అయిదో ఆరో, తోట బయట ఉసికెల మేకలు పోయినయట, ఎన్కనే ఒంటె పోయిందట. ఈయిన కూసోని అడుగులు సూసిండు. మేక గిట్ట బెత్తెడు దిగింది. ఒంటెది అంత బరువున్న దిగలే, రొట్టె ఒత్తినట్టు పైపైన పడ్డది. లేసి సక్కగ రామ్మోహనరావు కాడికి పోయిండు. నాకు ఇది భీమయ్యనే చెప్పిండు, మీరావలి కాదు. ‘సార్, నాదే తప్పు. నేను బురద టైర్లు అడిగిన. ఇక్కడికి ఎడల్పువి, నున్నగున్నయి గావాలె, గాలి తక్కువ కొట్టి నడుపుత. గడ్డి మీద తిరిగేటియి ఉంటయి సూడుండ్రి, సిన్న సిన్న బిల్లలున్నయి, గవి.’ రామ్మోహనరావు ఏమనాలె? ‘ఏవయ్యా, నువ్వే కదా అవి కావాలన్నది? ఇప్పుడు ఒంటె కాళ్ళు చూసొచ్చి ఇవి కావాలంటావేంటి? నేను ముదీర్‌కి ఏం చెప్పుకోవాలి, ఒంటె చెప్పిందని చెప్పుకోనా?’ ముదీర్ అంటె పైన పెద్ద మేనేజర్. నవ్విండ్రు ఆఫీసుల. గని భీమయ్య తప్పు ఒప్పుకున్నడు సారు. గది రాసుకో. ఈ క్యాంపుల తప్పు నాది అన్నోన్ని నేను గాయిన్నొక్కన్నే సూసిన. నేను గూడ ఎన్నడన్న అన్ననా? గా ముచ్చట ఇప్పుడు వద్దు.

తెప్పిచ్చిండ్రు గడ్డి టైర్లు. ఎనక రెండే. ముందటియి ఆర్నెల్లు గూడ కాలే ఎక్కిచ్చి, మంచిగున్నయి, వాటిని ఎట్ల పారేస్తం అని. ఈ మాట గట్టిగ ఇను సారు, నువ్వు అడిగినదానికి జవాబు ఇండ్లనే ఉన్నది. భీమయ్య కొత్త టైర్లతోని నడుపుతె ఉసికెల పడవ లెక్క పోతున్నది, అంత మంచిగున్నది, గని గట్టి నేల మీదికి వచ్చి నాలుగు చక్రాలకు బలమిచ్చే లివర్ ఏస్తె బండి ఎగురుతున్నది. కుంటిమేక లెక్క. స్టీరింగ్ బరువు. ఎందుకు? ఆయినకు సమజ్ గాలే. ఏం జేసిండు? వాళ్ళ నాయన ఎడ్లబండి చక్రానికి గుడ్డపేలిక కట్టి, ఊరి నుంచి అంగడికి ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో లెక్కపెట్టేటోడట, తొవ్వ కొలిచెటందుకు. ఈయినకు గది యాదికొచ్చింది. సుద్దముక్కతోని ఎనక టైర్ మీద ఒక గీత, ముందటి టైర్ మీద ఒక గీత. పఠానును పక్కపొంటి నడువుమన్నడు. లివర్ తీసిపెట్టి, పాత పట్టీల టైర్లు మల్ల ఎక్కిచ్చి లెక్కపెట్టిండ్రు, కొత్తయి ఎక్కిచ్చి లెక్కపెట్టిండ్రు. పాతయి ఉన్నప్పుడు ఎనకది పది తిరుగుతె ముందటిది పదహారు. కొత్తయి ఉన్నప్పుడు ఎనకది పది తిరుగుతె ముందటిది పదిహేనే. గంతే తేడా. ఒక్క తిరుగుడు. భీమయ్య మీరావలి దుకాణంకు పోయి చెప్పిండట, ‘లోపటి గేరు పండ్లు పదహారు అడుగుతున్నయి తమ్మీ, బయట నేల పదిహేనే ఇస్తున్నది. ఆ ఒక్కటి యాడికి పోతున్నది?’ మీరావలి సెయ్యి మూతి మీద పెట్టుకున్నడట. ‘ఆ ఒగటీ లోపలే ఉండాదన్నా. ముందరవి కూడా మార్సాల’ అన్నడు. ఉసికెల టైర్ జారుతది గనుక ఆ ఒక్కటి తెల్వదు. తారు మీద జారదు. గందుకె, నాలుగు టైర్లు ఒక్కనాడే, ఒక్క జతగ కొను సారు. రెండు నాడు, రెండు నేడు కాదు.

సుద్దగీతల ముచ్చట పోయి రామ్మోహనరావుకు చెప్పిండు. ఆయిన ఇన్నడు. నవ్వలే ఈసారి. ‘సరే, ముందువి కూడా రాస్తాను, రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా తారురోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు, ఇసకలోనే వేసుకో, రోడ్డెక్కేముందు తీసెయ్యి’ అన్నడు. గీ మాట అన్నడని భీమయ్య ఒప్పుకున్నడు, మీరావలి ఒప్పుకున్నడు. నేను ఆయినను ఎంత తిట్టుకున్న, గీ మాటకాడ తిట్టరాదు. మంచి మాటే చెప్పిండు. అసలు గందుకె నాకు ఇప్పుడు తలకాయ తిరుగుతున్నది. ఎవన్ని తిట్టాలె నేను?

నడుమ ఒక్కటి చెప్పాలె. చెప్పకుంటె నువ్వు రేపు ఇంకోని కాడ ఇంటవు, హన్మాండ్లు గిది దాసిండు అంటవు. ట్రాలీకి కొక్కెం ఉంటది గద, బండి ఎనక. గది ఊడిపోతె అతుకు పెట్టింది నేను. మల్ల ఊడింది. నా అతుకు ఊడదు సారు, ఇనుములనే ఏదో ఉండె, తుప్పు లోపటి దాంక పోయి ఉండె. గని భీమయ్య మెస్సుల అందరి ముంగట ‘ఫోర్మన్ అతుకు మూడు దినాలు ఆగింది, రంజాన్ ఉపాసం గూడ అంతకంటె ఎక్కువ ఆగుతది’ అన్నడు. పఠానులు, మలబారోళ్ళు, మనోళ్ళు, నవ్విండ్రు నవ్విండ్రు. నెల దినాలు మాట్లాడలే నేను. ఆయిన కాళ్ళు కడుక్కోని ఎక్కుతనే ఉన్నడు, నేను గోడ దిక్కు తిరిగి పంటనే ఉన్న. దానికి దీనికి సంబంధం లేదు. లేదనే అనుకుంటున్న. అప్పుడైతె లేదనే గట్టిగ అంటుంటి.

ఇగ ఆ దినం. ముందటి టైర్లు ఇంక రాలే. రెండువేల మూడు, సలికాలం, హజ్ పండుగకు ముందు. ముందేనా? ముందే. కఫీల్ బంగ్లల ఆయిన పెద్దబిడ్డ లగ్గం. డేరాలు ఏస్తున్నరు, నేను డేరా గుంజల ఇనుము అతుకుతున్న, గేటు కాడ. పచ్చగడ్డి చాపలు చుట్టి మజ్రాల పెట్టిండ్రు, భీమయ్య వాటిని ట్రాలీల ఏసుకోని బంగ్లకు తేవాలె. మజ్రా అంత ఉసికె, ట్రాలీ నిండ బరువు, నాలుగు చక్రాల లివర్ ఏసుకోకుంటె కదలదు. ఏసుకున్నడు. తారు ఎక్కేకాడ తియ్యాలె. తారు మీద ఎంత, రెండు వందల గజాలు. నేను వెల్డింగ్ అద్దం మొకానికి పెట్టుకోని పనిల ఉన్న. ఫట్ అని సప్పుడు. బాంబు లెక్క. అద్దం తీసి సూసిన. బండి తారు నడుమ ఆగి ఉన్నది, ముందటి ఇరుసుల నుంచి నూనె కారుతున్నది, భీమయ్య రెండు చేతులతోని లివర్ పట్టుకోని గుంజుతున్నడు. మొకమంత సెమట. లివర్ నాలుగుల ఉన్నది. నేను దగ్గరికి పోయి సూసిన, నాలుగులనే ఉన్నది. గంతే నేను సూసింది. గది ఇప్పటికి గట్లనే కండ్లల్ల ఉన్నది.

లోపట గేరు పండ్లు రాలినయి, పప్పుల రాళ్ళు ఏరినట్టు ఏరిండ్రు మెకానిక్‌లు. లగ్గం కాడ గడ్డి పరుసుడు ఆగింది, కఫీల్ ఇజ్జత్ పోయిందని ఆయిన తమ్ముడు లొల్లి, ముదీర్ మీద పడ్డడు. ముదీర్ మిస్రాయన, ఈజిప్టు మనిషి, మంచోడే, గని ఆ దినం మంచిగ లేడు. మమ్ములను పిలిచిండు. రామ్మోహనరావు మా తెలుగు మాట ముదీర్‌కు తిప్పి చెప్తందుకు ఉన్నడు. ‘తీసెయ్యమని చెప్పానా లేదా నీకు?’ అని భీమయ్యను అడిగిండు. ‘చెప్పిండ్రు సార్’ అన్నడు. ‘మరి ఎందుకు తియ్యలేదయ్యా?’ ‘లివర్ రాలే సార్.’ గంతే. లివర్ రాలే సార్, తారు ఎక్కకముందు తియ్యబోయిన, రాలే, ఇంక గుంజుకుంట పోయిన, రాలే. రామ్మోహనరావు నా దిక్కు సూసిండు. ‘లివర్ రాకపోవడం ఏంటి? నువ్వు చూశావుగా హన్మాండ్లూ, ఏం జరిగింది?’ అన్నడు. పదకొండేండ్లల్ల మొదటిపారి వెల్డర్ అనలే, పేరు పెట్టి పిలిచిండు సారు. ముదీర్ గూడ నా దిక్కే సూస్తున్నడు. నేను హిందీల చెప్పిన. ‘లివర్ చార్ మే థా సాబ్. మై దేఖా. బాద్ మే నికాల్ రహా థా.’ లివర్ నాలుగుల ఉండె, నేను సూసిన, ఇరిగినంక తీస్తుండె అని చెప్పిన. అంటె ఎవ్వలు సూడకముందే తీసేసి, తప్పు కప్పిపెడుతందుకు. గదే అర్థం. భీమయ్య నా దిక్కు సూసిండు. ముదీర్ యల్లా, ఇగ కానియుండ్రి అన్నడు, కాయితం రాసిండ్రు, రామ్మోహనరావు సదివి ఇనిపిచ్చిండు, నేను ‘హ’ రాసి గీత గుంజిన. నాలుగు దినాల్ల పంపిచ్చిండ్రు. పొయ్యేటప్పుడు గూడ కాళ్ళు కడుక్కోని మంచం మీదికి ఎక్కి మూట తెచ్చుకున్నడు.

తర్వాత మీరావలి నాకు మొత్తం చెప్పిండు. సుద్దగీతలు, పదహారు, పదిహేను, అంత అప్పుడే తెలిసింది నాకు, గంతకు ముందు నాకేం తెల్వదు. చెప్పి, ‘అన్నా, అంత తెలిసినోడు లివర్ తియ్యకుండా తారెక్కుతాడా?’ అని అడిగిండు. నాకు కోపమొచ్చింది. నేను సూసిన అన్న. సూసినోనికంటె నీకెక్కువ ఎరుకనా అన్న. ఆ దుకాణంకు యాడాది పోలే. ఊర్ల ఏమైందో ఇంటివా? ఎవ్వరు ఆయిన చేతికి బండి ఇయ్యలే. దుబాయ్‌ల ట్రాక్టర్ ఇరగ్గొట్టినోడు అని, గంతే పేరు. నాట్ల కాలంల గూడ కూలికి పోయిండు, ట్రాక్టర్ ఒడ్డు మీద ఉంటె దిక్కు సూడకుంట. రెండువేల అయిదుల కామెర్లయి పోయిండు. ఆయిన సచ్చిన నెలకు ఐలవ్వ ఫోన్ చేసింది, ఆయిన పెండ్లాం. నా నంబర్ ఎట్ల దొరికిందో. ‘అన్నా, నేను ఐలవ్వను, భీమయ్య ఇంటిదాన్ని. సచ్చేదాంక ఒక్కటే మాట అన్నా, లివర్ రాలే, లివర్ రాలే అని. జరంల గూడ చెయ్యి గట్లనే గుంజుతుండె. నువ్వు కండ్లార సూసినవట గద. నిజంగ రాలేదా అన్నా? నువ్వు ఎట్లంటె గట్ల నమ్ముత’ అన్నది. నేనేమన్న? ఫోన్ కార్డు అయిపోతున్నదమ్మా అన్న. ఫోన్ చేసింది ఆమె. కార్డు నాది కాదు గద అయిపోతందుకు. ఆమె సరే అన్నా అని పెట్టేసింది.

గిదంత నేను మర్చిపోయిన అనుకో. మర్చిపోలే, పక్కకు పెట్టిన. పోయిన నెల అల్ వర్సాన్‌ల మొక్కల తోట కాడ గేటు అతుకుతందుకు పంపిచ్చిండ్రు గద నన్ను. ఆడ ఒక సిన్న ట్రాక్టర్ ఉన్నది, వేరే కంపెనీది, ఎవరో ముందట ఒక తీరు, ఎనక ఒక తీరు టైర్లు ఏసిండ్రు. దాని మీద ఫరాజ్ ఉన్నడు, మన మీరావలి వాళ్ళ అన్న కొడుకు, మెకానిక్. తారు మీదికి వచ్చి ఆపిండు. రెండు చేతులతోని లివర్ గుంజుతున్నడు. గట్లనే. అచ్చం గట్లనే సారు, మొకమంత సెమట. బండికి ఏం కాలే, నూనె కారలే, ఏం ఇరుగలే, గని చేతులు గట్లనే ఉన్నయి. లివర్ రాదు. కాలు తన్నిపెట్టి గుంజిండు, రాదు. నేను నిలవడ్డకాడ నిలవడ్డ. ఆ పోరడు ఏం జేసిండంటె, బండిని రెండు గజాలు ఎనకకు నడిపిండు. ఒక్కేలితోని ముట్టిండు. టక్కున వచ్చింది. నేను దగ్గరికి పోయి అడిగిన, ఎందుకు రాలేరా అని. ‘చాచా, టైర్లు జత కుదర్లేదు గదా, లోపల తాడుకు పురి పడినట్ట పడతాది. పురి ఎక్కినంక నువ్వు కాదు, నలుగురు గుంజినా రాదు. ఎనక్కి పోతే పురి ఇడుస్తాది’ అన్నడు. ఉసికెల నుంచి గట్టినేలకు వస్తుంటెనే పురి ఎక్కుతదట, తారు ఎక్కకముందే. ఎనక ట్రాలీ నిండ గడ్డి చాపలుంటె, ఎనకకు పోరాదు గద? పోరాదు. నేను మల్ల అతికిన కొక్కెంతోని ఎనకకు నెడితె ట్రాలీ అడ్డం తిరుగుతుండె. గది ఆయినకు తెలుసా, తెల్వదా? నాకు తెల్వదు.

ఇగ అప్పటిసంది లెక్కపెడుతున్న సారు. సప్పుడు అయింది. నేను అద్దం తీసిన. సూసిన. చేతులు లివర్ మీద ఉన్నయి. మరి సప్పుడుకు ముందు చేతులు యాడ ఉన్నయి? నేను అద్దం పెట్టుకోని ఉన్న, అద్దంల నిప్పు తప్ప ఏం కనబడదు. సప్పుడు ఇన్నంక అద్దం తీసిన గనుక నాకు చేతులు తర్వాత కనబడ్డయి. తర్వాత కనబడ్డయి గనుక తర్వాత పెట్టిండు అన్న. నేను తర్వాత సూస్తె ఆయిన తర్వాత పెట్టినట్టా? ఒకపారి గట్లనే అనిపిస్తది, ఒకపారి కాదనిపిస్తది. పండుకుంటె గుంజుతున్నట్టు కనబడతది. నేను అబద్ధం చెప్పలే. పుట్టినంక నేను ఎవ్వనికి అబద్ధపు సాక్ష్యం చెప్పలే. లివర్ నాలుగుల ఉండె. చేతులు ఉండె. కొక్కెం ముచ్చట దీంట్ల లేదు. లేదనే అంటున్న. మీరావలిని అడిగితె ‘ఇప్పుడెందుకన్నా, ఆ మనిసే లేడు గదా’ అంటడు. రామ్మోహనరావు అబుదాబిల ఉన్నడట, ఫోన్ చేపిచ్చిన, ఎవరు, వెల్డర్ హన్మాండ్లా అన్నడు, పెట్టేసిన.

నాకు అరవై దాటింది, మల్ల వీసా కొట్టరు, వచ్చే నెల నా టికెట్. దుబాయ్ నుంచి ఒకడు ఊరికొచ్చిండంటె చుట్టుపక్కలోళ్ళందరు వస్తరు, మావోడు ఎట్లున్నడు, మావోన్ని సూసినవా అని. మూడు కిలోమీటర్లు. ఐలవ్వ వస్తది. వచ్చి కూసుంటది. ఈసారి కార్డు అయిపోతున్నది అనరాదు గద.

అందుకె, సారు, బిడ్డా, ఆ ఫైల్ తియ్యి. కొత్త కాయితం వద్దు, కొత్తది అంటె నేను ఇప్పుడు అల్లిన అంటరు. పాతదాంట్లనే. లివర్ నాలుగుల ఉన్నదని ఉంటది, అది ఉంచు, అది నేను సూసిన. రెండు చేతులు లివర్ మీద ఉన్నయని ఉంటది, అది గూడ ఉంచు. ముందే గుంజిండని రాయకు, నేను సూడలే, సూడనిది రాస్తె నేను సంతకం పెట్ట. ‘ఇరిగినంక’ అని ఒక్క మాట ఉంటది సూడు. గది నేను సూడలే. గదొక్కటి కొట్టెయ్యి. కొట్టేసి, పక్కన నన్ను ‘హ’ రాయనియ్యి.